ముందు హోస్పేటకు కార్డు రాయాల

ఇప్పటి పిల్లలు ప్రయాణం కట్టే తీరు నాకు బొత్తిగా నచ్చదు. ఈ మాట చెప్పడానికి నాకు మొహమాటమేం లేదు. పోవడం తప్పని కాదు, దూరం పోతున్నారని కాదు. ఎవర్నీ అడక్కుండా పోతున్నారు, అదీ నా బాధ.

మా పెద్దోడి కూతురు జర్మనీలో ఉద్యోగం చేస్తా ఉంది. అక్కడ ఈస్టర్ పండక్కి శుక్రవారం నుంచి సోమవారం దాకా వరసగా నాలుగు రోజులు సెలవు. ఆ నాలుగు రోజుల్లో రోమ్ చూసి రావాలని ప్లాను వేసుకుని, ఆ పట్టీ నాకు ఫోన్లో పంపింది. కళ్లద్దాలు పెట్టుకుని మొదట్నుంచి చివరిదాకా చదివినాను. శుక్రవారం పొద్దున విమానం దిగడం, పదకొండున్నరకు కొలోసియం, ఒకటిన్నరకు ఫోరం, మూడున్నరకు పాంథియన్, అయిదుకు ట్రెవి ఫౌంటెన్. శనివారం తెల్లారక ముందే రైలెక్కి ఫ్లోరెన్స్, రాత్రికి మళ్లీ రోమ్. ఆదివారం ఇంకా ఎన్నో చోట్లు. సోమవారం వాటికన్ మ్యూజియం, అట్నుంచటే విమానాశ్రయం. ప్రతి గడిలోనూ టైముంది, టికెట్ ఉంది, ఎంతయిందో ఉంది. వాటికన్ ఎదురుగా మాత్రం ‘టికెట్ ఇంకా తీయాల’ అని రాసుకుంది. అన్నం ఎప్పుడు తింటుందో లేదు. ఒక్క మనిషి పేరు లేదు.

ఫోన్ చేసి, “ఇదంతా ఎవర్నడిగి రాసినావమ్మా?” అన్నాను.

“ఎవర్నీ అడగాల్సిన పనే లేదు తాతా. అంతా ఫోన్లోనే ఉంది” అనింది.

మా రోజుల్లో ఎవర్నీ అడక్కుండా ఒక ఊరికి పోవడమంటే ఊహకు కూడా అందేది కాదు. ఆళ్లగడ్డ నుంచి హంపికి పోవాలంటే ఎట్లుండేదో చెబుతాను. ఆళ్లగడ్డకు రైలు లేదు. ఇప్పటికీ లేదు. ఎర్రగుంట్ల లైను 2016లో నంద్యాలను కలుపుకుంది గానీ, అది కోయిలకుంట్ల, బనగానపల్లె మీదుగా పోయింది, మా పక్కకు రాలేదు. కాబట్టి ముందు ఎర్రబస్సులో నంద్యాలకు రావాల. నంద్యాలలో గుంటూరు నుంచి గుంతకల్లు పోయే మీటర్ గేజ్ బండి ఎక్కాల. పాణ్యం, బేతంచెర్ల, డోన్, గుంతకల్లు, బళ్లారి, ఆపైన హోస్పేట. చెనిక్కాయలు, పత్తి అమ్ముడుపోయి నాలుగు రూకలు చేతికి రావాల, మళ్లీ సేద్యం పనులు మొదలు కాకూడదు. ఆ సందులోనే ఏ ప్రయాణమైనా.

పోవాలనే మాట మొదట అరుగు మీద పుట్టేది. అంతే, వీధిలో అందరికీ తెలిసిపోయేది. పత్తి బేరానికి బళ్లారి పోయొచ్చే ఒక సావుకారి ఉండేవాడు, ఆయన్ను పిలిచి కూర్చోబెట్టి అడిగేవాళ్లం. నంద్యాలకు సంతకో ఆసుపత్రికో పోయిన వాళ్లు స్టేషన్లో బండి వేళలు రాయించుకుని వచ్చేవాళ్లు. మా మేనమామకు హోస్పేటలో తెలిసిన అయ్యవారు ఒకాయన ఉండె. ముందు ఆయనకు కార్డు రాయాల. ఆయన జవాబు వచ్చిందాకా ఎవరూ మూట కట్టేది లేదు.

ఆ జవాబు కార్డు నాకు బాగా గుర్తుంది. అంత చిన్న కార్డులో, అడ్రసు రాసే పక్క కూడా వదలకుండా, చీమల బారు మాదిరి రాసినాడు. తుంగభద్రలో నీళ్లు ఎక్కువుంటే పుట్టి దాటదు, ఆనెగొంది చూడాలనుకుంటే వాన తగ్గినాక రండి. విఠలాలయం దగ్గర తినేదానికి ఏమీ దొరకదు, సద్ది వెంట ఉండాల. కోతులున్నాయి, తిండి మూట పిల్లల చేతికియ్యొద్దు. విరూపాక్షుని గుడిలో గోపురం నీడ తలకిందులుగా పడే గది ఒకటుంది, పూజారిని అడగండి, అడక్కపోతే చూడకుండానే వెనక్కి వస్తారు. అన్నిటికంటే మొదట హేమకూటం ఎక్కి ఊరి ఆకారం మనసులో పెట్టుకోండి, గుళ్లూ కోటలూ ఆ తర్వాత. ఇదీ ఆయన రాసింది. డబ్బులు పెట్టి కొన్న ఏ పుస్తకంలోనూ ఇంత పనికొచ్చే మాటలు నాకు కనబడలేదు.

కార్డు వచ్చినాక మా జేజి రంగంలోకి దిగేది. ఎన్ని పూటలు, ఎంతమంది, నీళ్లు ఎక్కడెక్కడ దొరుకుతాయి అని ఆమె అడిగే లెక్క చూస్తే రైల్వే వాళ్లు కూడా అంత కచ్చితంగా ఉండరు. మొదటి పూటకు చిత్రాన్నం. రెండో పూటకు పెరుగన్నం. అదీ పెరుగుతో కలిపితే ఎండకు పులుస్తుందని, అన్నం మెత్తగా వండి పాలు పోసి, ఒక్క చుక్క తోడు వేసి, స్టీలు టిఫిన్లో గట్టిగా మూత పెట్టేది. మేం గుంతకల్లు దాటేసరికి అది కమ్మటి పెరుగన్నమై ఉండేది. మూడో పూట నుంచి ఎండు జొన్నరొట్టెలు. అప్పడం మందాన తట్టి, కాల్చి, పొయ్యి గోడకు ఆనించి నిలబెట్టి, పటపటమని విరిగేదాకా ఆరబెట్టేది. వాటికి చెనిక్కాయల పొడి, ఎర్రగడ్డ. పిల్లలకు నిప్పట్ల డబ్బా వేరే. ఆ రొట్టెలు వారమైనా చెడవు. ఇప్పుడు విమానంలో ఇంత చిన్న పెట్టెకే అనుమతి అని మా మనవరాలు నిప్పట్లు కూడా వద్దంటుంది. రోమ్‌లో ఒక పూట తిండికి ఎంతవుతుందో తెలిసి కూడా వద్దంటుంది.

నేను ముఖ్యంగా చెప్పాలనుకునేది తిండి సంగతి కాదు. పోయే ఊరి గురించి పోకముందే మాకు ఎంతో కొంత తెలిసి ఉండేది. మా తెలుగు అయ్యవారు పాఠం చెబుతూ, పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ అంకితమిచ్చింది మన నంద్యాల కృష్ణమరాజుకేనని, ఆ నంద్యాల రాజులు విజయనగరం నీడన బతికిన వాళ్లని చెప్పినాడు. అహోబిలం పోయినప్పుడు రాయలవారి శాసనం చూపించి, కళింగం మీదికి దండెత్తిన కాలంలో ఆయన ఇక్కడికొచ్చి స్వామికి నగలు ఇచ్చిపోయినాడని చెప్పినారు. అంటే హంపి మాకు ఎవరిదో రాజధాని కాదు. మా నరసింహస్వామికి మొక్కిన రాజు ఊరు, మా నంద్యాల రాజులు కప్పం కట్టిన ఊరు. మహర్నవమి దిబ్బ ఎక్కి నిలబడితే ఎవరు కూర్చున్న చోటు ఇది, ఇక్కడికి ఎవరెవరు వచ్చి చేతులు కట్టుకుని నిలబడినారు అనేది మాకు తెలుసు.

ఉగ్రనరసింహుని ముందు మాత్రం మేం చాలాసేపు నిలబడిపోయినాం. 1528లో రాయలవారు చేయించిన ఏకశిల అది, ఎత్తు 6.7 మీటర్లు. 1565 యుద్ధం తర్వాత ఊరిని నెలల తరబడి కొల్లగొట్టినప్పుడు తొడ మీది లక్ష్మమ్మ విరిగిపోయింది. స్వామి నడుము మీద ఆమె చెయ్యి ఒక్కటి మిగిలి ఉంది. మాతో ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే పనివాడు ఒకాయన వచ్చినాడు. మా ఊరి శిల్పాల పని ఎక్కడెక్కడి గుళ్లకో పోతుంది, తెలిసిన వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆయన ఆ రాతిని అరచేత్తో తడిమి, కింద చుట్టూ తిరిగి చూసి, ఇది తెచ్చి నిలబెట్టింది కాదు, ఉన్న గుండును ఉన్నచోటే చెక్కినారు, పైనుంచి కిందికి దిగుతూ చెక్కినారు అని, ఉలి ఎట్లా పట్టి ఉంటారో చేతితో చూపించినాడు. అదంతా పూర్తయిందాకా ఎవరూ కదల్లేదు. ఇంకో చోటికి టైమైందని తొందరపెట్టేవాడు మాలో లేడు. అట్లాంటి మనిషిని వెంట తీసుకుపోవడం కూడా ప్రయాణం కట్టడంలో భాగమే. ఎవరు వస్తే ఏం చూపిస్తారో ఆలోచించి మా మామ మనుషుల్ని ఏరేవాడు.

హంపికి రోమ్‌కు పోలిక నేను తెచ్చింది కాదు. 1520 ప్రాంతంలో రాయలవారు ఉండగానే హంపి చూసిన పోర్చుగీసు మనిషి డొమింగో పాయిస్, ఆ పట్టణం తనకు రోమ్ అంత పెద్దదిగా కనబడిందని రాసినాడు. ఊరంతా ఒక్క చోటి నుంచి కనబడదని ఆయన కూడా కొండెక్కి చూసినాడు. హోస్పేట అయ్యవారు కార్డులో రాసిన మాటా అదే గదా! పాయిస్ రాతలను రాబర్ట్ స్యూయెల్ 1900లో ఇంగ్లీషులో అచ్చేయించినాడు. అంత ఊరు నంద్యాల నుంచి ఇప్పుడు నేరుగా రైలెక్కి దిగేంత దూరంలో ఉంది. అమరావతి ఎక్స్‌ప్రెస్ నంద్యాలలో ఎక్కితే హోస్పేటలో దిగొచ్చు, ఎక్కడా మారే పని లేదు. మా వీధిలో ప్రాగ్, వియన్నా చూసొచ్చిన పిల్లలున్నారు. వాళ్లలో హంపి చూసినవాళ్లు తక్కువ. చూసినవాళ్లు కూడా రాతిరథం ముందు ఫోటో దిగి సాయంత్రానికి తిరిగొచ్చిన వాళ్లే.

పోనీ, రోమ్‌కే పోతున్నావు, రోమ్‌కూ నీ ఊరికీ ఉన్న సంబంధం తెలుసా అని అడిగినాను మనవరాలిని. తెలియదంది. నంద్యాలలోనే రోమన్ బంగారు నాణేల నిధి దొరికింది. మన మిరియాలు, సన్నబట్టలు, ముత్యాల కోసం రోమ్ బంగారం ఓడలకెత్తి పంపిస్తే, మన దేశం ఏటా 5 కోట్ల సెస్టర్సులు లాగేస్తోందని ప్లినీ అనే ఆయన మొదటి శతాబ్దంలోనే గోడు వెళ్లబోసుకున్నాడు. కొలోసియం తెరిచింది 80వ సంవత్సరంలో అని ఆ పిల్ల టక్కున చెప్పింది. ఆ కాలంలో ఆ ఊరి బంగారం కుందూ ఒడ్డు సీమకు నడిచొచ్చిందని ఏ బళ్లోనూ చెప్పలేదు. ఇంత పెద్ద చదువులు చదివించి, ఇంటి పక్కన దొరికిన నిధి గురించి ఒక్క పాఠం పెట్టలేకపోయినారే అని నాకు కడుపు మండుతుంది.

ఇక ఆ పట్టీ. నేను దాన్ని పక్కింటి టీచరమ్మకు చూపించినాను. ఆమె కతోలిక చర్చికి పోతుంది, ఆమె చెల్లెలి కొడుకు ఫాదర్ చదువు కోసం రోమ్‌లో ఉన్నాడు. మన కర్నూలు బిషప్‌గా 2008 నుంచి 2020 దాకా పనిచేసిన పూల ఆంథోని గారు 2022లో రోమ్‌లోనే కార్డినల్ అయినారు. తెలుగువాళ్లలో ఆయనే మొదటివారు. ఈ సీమ నుంచి రోమ్‌కు దారి లేదని ఎట్లా అనుకుంటాం? టీచరమ్మ పట్టీని ఒక్కసారి చూసి రెండు తప్పులు పట్టేసింది. ఈస్టర్ ఆదివారం, ఆ మరుసటి సోమవారం వాటికన్ మ్యూజియం మూసి ఉంటుంది. ఆ టికెట్ ఇంకా తీయలేకపోవడానికి కారణం అది. రెండోది, గుడ్ ఫ్రైడే రాత్రి కొలోసియం దగ్గరే సిలువ మార్గం ప్రార్థన జరుగుతుంది, దివిటీలతో, కొవ్వొత్తులతో వేలమంది చేరుతారు. ఆ రాత్రి ఆ ఊళ్లోనే ఉండి, అలసిపోయి గదిలో పడుకుందామని రాసుకుంది మా పిల్ల.

టీచరమ్మ అడిగితే, రెండు రోజుల్లో ఆ ఫాదర్ అబ్బాయి దగ్గర్నుంచి వాయిస్ మెసేజి వచ్చింది. ఆ కుర్రాడు చెప్పిన మాటలు వింటూ ఉంటే నాకు హోస్పేట కార్డే చదువుతున్నట్టు అనిపించింది. మొదటి రోజు ఏదీ చూడొద్దు, జానికులం గుట్ట ఎక్కి ఊరంతా ఒకసారి చూసుకోండి అన్నాడు. వీధుల్లో పారే కుళాయిల నీళ్లు మంచివే, సీసాలు కొనొద్దు అన్నాడు. రాళ్లు పరిచిన దారులు, చక్రాల పెట్టె లాగలేరు, వీపు సంచి తెచ్చుకోండి అన్నాడు. పాంథియన్‌కు 2023 నుంచి టికెట్ పెట్టినారు, ఆ గుమ్మటం నడినెత్తిన మూత లేని కన్నం ఉంది, వాన వస్తే నీళ్లు లోపలే పడతాయి, వాన రోజు పోతే ఇంకా బాగుంటుంది అన్నాడు. ఈస్టర్ పొద్దున పీటర్ చర్చి ముందర మైదానంలోకి ఎన్నింటికి చేరాలో చెప్పినాడు. ఫ్లోరెన్స్ మాట ఎత్తితే, అది ఇంకో సెలవుకు ఉంచుకోమన్నాడు.

రెండు రాజధానులు, మూడు రాజధానులు నాలుగు రోజుల్లో చుట్టి రావడమనేది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాదు. మా అహోబిలం స్వామి ప్రయాణం చూసి నేర్చుకోమంటాను. కనుమ రోజు పల్లకి ఎక్కి పారువేటకు బయల్దేరుతాడు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెలన్నీ నలభై రోజులకు పైగా తిరుగుతాడు, తన పెళ్లికి, ఫాల్గుణంలో జరిగే బ్రహ్మోత్సవాలకు జనాన్ని పిలవడానికి. ఏ రోజు ఏ ఊరో, ఏ ఊళ్లో ఎవరింటి మర్యాదో, పల్లకి ఎక్కడ దించాలో అన్నీ తరాల నాటి ఏర్పాటు. మా పల్లెకు వచ్చే రోజు వీధులు చిమ్మి, గోడలకు సున్నం కొట్టి, ఆడబిడ్డల్ని పుట్టింటికి పిలిపించుకునే వాళ్లం. పెళ్లిచూపులు, బాకీల తీర్మానాలు ఆ రోజుకే పెట్టుకునే వాళ్లు. ఏ గంటకు ఎక్కడుండాలో అన్నీ ముందే కట్టిన ప్రయాణమే అది కూడా. అయినా ఆ ప్రయాణమంతా మనుషుల్ని కలవడానికే.

మా రోజులన్నీ బంగారమని నేననను. ఒక సంగతి దాచకుండా చెప్పాల. మా కాలంలో సత్రం గుమ్మంలో మొదట అడిగేది కులమే. ఫలానా వాళ్ల సత్రం, ఫలానా వాళ్లకు భోజనం. మాతో వచ్చిన వాళ్లలో ఒకాయన్ను అట్లా గుమ్మంలోనే ఆపేస్తే, మా మామ మూటలు ఎత్తించి, ఆ రాత్రి అందర్నీ స్టేషన్ ప్లాట్‌ఫారం మీదే పడుకోబెట్టినాడు. ఇప్పుడు హోటల్లో ఆధార్ కార్డు ఇస్తే తాళం ఇస్తారు. కులం అడిగేవాడు లేడు. ఇది ఎంత పెద్ద మార్పో అనుభవించిన వాళ్లకు తెలుస్తుంది.

ఇంకొకటి మా అమ్మ సంగతి. మా ఇంట్లో అందరూ హంపి చూసినారు, ఆమె చూడలేదు. ఆవులు ఈనే రోజులని ఒకసారి, చంటిబిడ్డ అని ఒకసారి, ఆడవాళ్లకు మరుగు ఉండదని ఒకసారి ఆపినారు. జేజి రొట్టెలు కాల్చేటప్పుడు పక్కన కూర్చుని పిండి కలిపింది ఆమే. ఆ ఇంటి పిల్ల ఇవాళ ఒంటరిగా, ఎవరి అనుమతీ అడక్కుండా రోమ్‌కు టికెట్ తీసుకుంటా ఉంది. ఈ మాట తలుచుకుంటే నాకు ఛాతీ పొంగుతుంది. పిల్ల పోవాల్సిందే. నాలుగు రోజులు కాకపోతే నలభై రోజులు పోవాల. అనుమతి అడక్కపోవడం వేరు, దారి అడక్కపోవడం వేరు. మొదటిది ఆమె హక్కు. రెండోదాన్ని మాత్రం నేను ఒప్పుకోను.

ఇక్కడి నుంచి యూరప్ పోవాలనుకునే వాళ్ల గోడు ఇంకోటి. మా రెండోవాడు పోవాలనుకుని కాగితాలు చేర్చినాడు. పోయి రావడానికి విమానం బుకింగు, ప్రతి రాత్రికీ గది బుకింగు, 30,000 యూరోలకు తగ్గని ఇన్సూరెన్సు, బ్యాంకు లెక్కలు అన్నీ చూపితేనే వీసా. అంటే ఏ రాత్రి ఎక్కడ పడుకుంటావో నెలల ముందే రాసియ్యాల. ఆ దేశాల వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి. కానీ పిల్లలు ఆ వీసా కాగితాన్నే ప్రయాణం అనుకుంటున్నారు. అది ఆఫీసుకు ఇచ్చే కాగితం. నీకోసం వేసుకునే ప్లాను వేరే ఉండాల, అందులో అడిగి తెలుసుకున్న మాటలు ఉండాల, ఏమీ పెట్టుకోని ఒక మధ్యాహ్నం ఉండాల.

మా మనవరాలు మొండిది కాదు, చెబితే వింటుంది. ఫ్లోరెన్స్ టికెట్ వెనక్కిచ్చేసింది, కొంత డబ్బు పోయినా పర్వాలేదంది. కొత్త పట్టీ పంపింది. శుక్రవారం సాయంత్రం గుట్ట మీద, రాత్రి సిలువ మార్గం. శనివారం పొద్దున వాటికన్ మ్యూజియం, దానికి టికెట్ దొరికింది. మధ్యాహ్నం ఖాళీ. ఆదివారం పీటర్ చర్చి, ఆ తర్వాత ఫాదర్ అబ్బాయి, అతని స్నేహితులతో కలిసి భోజనం. అక్కడ తెలుగు పిల్లలు పండక్కి పులిహోర కలుపుతారట. కొలోసియం, ఫోరం సోమవారం పొద్దున. టీచరమ్మ చెల్లెలి కొడుక్కి ఇవ్వడానికి జర్మనీ నుంచి ఏం తీసుకుపోవాలో కూడా అడిగింది.

వచ్చే సంక్రాంతికి ఇంటికొస్తానంది. హంపికీ పోదాం తాతా అంది. సరే, కానీ ముందు కనుమ దాటినాక పారువేట పల్లకి ఏ రోజు ఏ పల్లెలో ఉంటుందో నేను ఆళ్లగడ్డ పోయి అడిగి రాయించుకుని వస్తాను, హోస్పేటలో ఆ అయ్యవారి కొడుకును కూడా కనుక్కుంటాను, నీ విమానం టికెట్ ఆ తర్వాత తీసుకో అని చెప్పినాను.